రెండంతస్తుల ఫ్లాస్కు

సియోల్
అక్టోబరు

అత్తా,

ఇంట్లో ఫోన్ మోగితే ఇప్పుడు నాన్న సెక్రటరీ బాంగ్‌గారే ఎత్తుతున్నారు. నా స్నేహితురాలు చేసినా "ఏ పేపరు నుంచమ్మా?" అని అడుగుతారు. అందుకే ఉత్తరం. నా రాత చూసి నవ్వకు. మా ఇంగ్లీషు స్కూల్లో మన భాష వారానికి ఒక్క పీరియడే.

నాన్న నిరాహార దీక్షలో కూర్చున్నది టీవీలో చూసే ఉంటావు. పార్లమెంటు గేటు ఎదురుగా డేరా వేశారు. నది గాలికి గుడ్డంతా టపటపా కొట్టుకుంటుంది. పనిలో చచ్చిపోయినవాళ్ళ కేసులు మళ్ళీ విచారించేలా చట్టం తెచ్చేదాకా అన్నం ముట్టనని నాన్న మైకులో చెప్పారు. "జడ్జిగా నేనిచ్చిన తీర్పే తప్పు" అని కూడా చెప్పారు. అందరూ చప్పట్లు కొట్టారు. తప్పు చేశానంటే చప్పట్లు కొట్టడం నేనెప్పుడూ చూడలేదు. మా స్కూల్లో అయితే సాయంత్రం దాకా గదిలో కూర్చోబెడతారు.

ఆ తీర్పు ఎవరి కొడుకు గురించో ఆవిడ కూడా డేరాలోనే ఉంది. సాంగూ వాళ్ళమ్మ. ఓడల కార్ఖానాలో రంగులేస్తూ సాంగూ ట్యాంకు లోపలే కాలిపోయాడు. కుర్రాడి అజాగ్రత్తే కారణమని నాన్న తీర్పు రాశారు. కోర్టు వదిలి పార్టీలో చేరాక నాన్నే ఆవిడ గుమ్మం ముందు క్షమించమని మోకాళ్ళ మీద కూర్చున్నారు. పేపర్లో ఫొటో వస్తే నువ్వు గోడకి అంటించావు, గుర్తుందా? ఇప్పుడావిడ "నా కొడుకు కోసం జడ్జిగారు పస్తుంటే నా గొంతులో మెతుకెలా దిగుతుంది" అని నాన్న పక్కనే చాప వేసుకుంది. ఎవరు చెప్పినా లేవట్లేదు. నాన్న చెబితే లేచేదేమో. నాన్న చెప్పలేదు.

రోజూ సాయంత్రం డేరాకి ఫ్లాస్కు పట్టుకెళ్ళే పని నాది. బాంగ్‌గారు నాకు వేరే యూనిఫాం తెచ్చారు. మామూలు గవర్నమెంటు బడిది, ఎవరో వాడినది. కాలర్ లోపల ఇంకో అమ్మాయి పేరు కుట్టి ఉంది. కూలీల తరఫున మాట్లాడే మనిషి కూతురు విదేశీయుల స్కూల్లో చదువుతోందని తెలిస్తే బాగుండదట. నేను కనబడగానే కెమెరాలన్నీ ఇటు తిరుగుతాయి. "తల్లి లేని పిల్ల, తండ్రికి వేడినీళ్ళు మోస్తోంది" అని ఆడవాళ్ళు కళ్ళొత్తుకుంటారు. నోరు తెరిస్తే నా యాస బయటపడుతుందని తల మాత్రం ఊపుతాను. భయమేస్తుంది అత్తా.

నువ్వు బస్సులో పంపిన పొడి పొట్లాలు అందాయి. బాంగ్‌గారే కలుపుతారు. ఫ్లాస్కుకి రెండంతస్తులు. పైన ఉప్పునీళ్ళు, కింద నీ పొడి కలిపింది. కింది మూత నన్ను తీయొద్దన్నారు. అదేం మందు?

నీ మేనకోడలు దారే


తోంగ్యాంగ్
అక్టోబరు

ఒసేయ్ దారే,

నీ రాత చూశాను. బురదలో పీతలు పరిగెత్తినట్టుంది. అంత ఫీజులు పోసి నేర్పించేది ఇదా?

ఇక్కడ ఆల్చిప్పల కాలం మొదలైంది. తెల్లారకముందే షెడ్డులో గుట్టలు పోస్తారు. కత్తి దూర్చడం, మెలితిప్పడం, మాంసం తీసి పడేయడం. ఉప్పుకి చేతులు పగిలిపోయాయి. షెడ్డులో చిన్న టీవీ ఉంది. మీ నాన్న కనబడితే చాలు, నా వైపు తిరిగి "ఓక్‌బున్ తమ్ముడే, ఓక్‌బున్ తమ్ముడే!" అని ఒకటే గోల. నా పక్కన కూర్చునే ముసల్ది మాత్రం "పస్తున్న మనిషి బుగ్గలు ఇంకా నున్నగానే ఉన్నాయేంటే" అంది. దాని మీదికి ఖాళీ చిప్ప విసిరాను.

వాళ్ళకేం తెలుసు వాడి సంగతి? మా అయ్య సముద్రంలో పోయినప్పుడు వాడు చంటిపిల్లాడికి ఎక్కువ, కుర్రాడికి తక్కువ. నేను బడి మానేసి కత్తి పట్టుకున్నాను. వాడు లా పరీక్షకని కొండ మీద సన్యాసుల మఠంలో గది తీసుకుని చదివాడు. తప్పాడు, మళ్ళీ తప్పాడు. పాసైన ఏడు ఊళ్ళోకొచ్చే దారికి అడ్డంగా వాడి పేరు రాసి గుడ్డ కట్టారు. ఆ గుడ్డ వానకి చిరిగిపోయేదాకా నేను ఆ దారినే పనికెళ్ళాను, చుట్టు తిరుగుడైనా సరే. జడ్జి అయ్యాక పండక్కి ఎవరు పళ్ళబుట్ట పంపినా గుమ్మంలోంచే తిప్పి పంపేవాడు. నేను పంపిన ఎండుచేపలు కూడా ఒకసారి వెనక్కొచ్చాయి, పెట్టె మీద పేరు సరిగ్గా లేదని. నిప్పులాంటి మనిషి.

అది మందే. ఏవో వేర్లు, ఆకులు. ఖాళీ కడుపు పుండు పడకుండా. చేదుగా ఉంటుంది, నువ్వు ముట్టకు. ఎవరికీ పోయకు కూడా. ముఖ్యంగా ఆ పెద్దావిడకి. ఆవిడ ఒంటికి పడదు.

చలికి మెడ కప్పుకో.

అత్త


సియోల్
అక్టోబరు చివర

అత్తా,

అది చేదుగా లేదు.

నిన్న బస్టాపు వెనక గోడ వైపు తిరిగి కింది మూత తీశాను. ఆల్చిప్పల జావ. ఎండబెట్టిన ఆల్చిప్పలు, వేయించిన బియ్యం దంచిన పొడి, పైన నువ్వులనూనె. నాకు జ్వరమొస్తే నువ్వు చేసేదే. వేలు ముంచి నాకితే నువ్వు పక్కనే ఉన్నట్టనిపించింది. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది, చూడు. తర్వాత గబగబా మూత బిగించేశాను.

డేరాలో వెనకవైపు దుప్పటి తెర ఉంది. నేను వెళ్ళగానే బాంగ్‌గారు "జడ్జిగారికి ఒళ్ళు తుడవాలి, కాస్త జరగండమ్మా" అంటారు. తెర వెనక నాన్న తాగుతారు. అంత చప్పుడు లేకుండా తాగడం ఎప్పుడు నేర్చుకున్నారో. తర్వాత నడుం వంచి, గోడలు పట్టుకున్నట్టు చేతులు చాపుకుంటూ బయటికొస్తారు. ఆ నాలుగడుగుల్లో మనిషి ముసలైపోతారు.

సాంగూ వాళ్ళమ్మ తెరకి ఇవతలే ఉంటుంది. ఆవిడ ఉప్పునీళ్ళు తప్ప ఇంకేం తాగట్లేదు. పెదాలు పగిలి నల్లబడ్డాయి. నిన్న నా చేతులు చల్లగా ఉన్నాయని తన చేతుల్లోకి తీసుకుని రుద్దింది. రుద్దుతూ రుద్దుతూ ఆగిపోయింది. నా వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నువ్వులనూనె వాసనొస్తోందే పిల్లా."

నేను చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

ఆవిడ నవ్వింది. "ఆకలేస్తే ముక్కు కూడా అబద్ధాలు చెబుతుంది. పొద్దున గుమ్మంలో సాంగూ బూట్ల చప్పుడు వినబడింది. ఇక్కడ గుమ్మమే లేదు కదా!"

"అవ్వా, మీరింటికెళ్ళిపోండి" అన్నాను, ఎవరికీ వినబడకుండా.

"జడ్జిగారు లేచిన రోజే నేనూ లేస్తా. మా వాడి పేరు మళ్ళీ పలికిన పెద్దమనిషి ఆయనొక్కడే. ఆయన్ని ఒంటరిగా వదిలేసి పోనా?"

డాక్టరొచ్చి నాన్న నాడి చూసి "గట్టి గుండె సార్" అన్నాడు. ఆవిడ నాడి చూసి బయటికెళ్ళి బాంగ్‌గారితో గుసగుసలాడాడు. ఆవిడ చచ్చిపోతుంది అత్తా. నాన్న లేస్తేనే ఆవిడ తింటుంది. నువ్వు చెబితే నాన్న వింటారు. నేను చెప్పలేను. నాన్న నా వైపు చూస్తే బోనులో నిలబడ్డట్టుంటుంది.

ఇది ఎవరికీ చెప్పలేదు. నీకొక్కదానికే.

దారే


తోంగ్యాంగ్
నవంబరు

దారే,

నీ ఉత్తరం చదివి పొయ్యిలో పెట్టాను. నాది నువ్వూ కాల్చెయ్.

అవును, జావే. ఆ ఆల్చిప్పలు నేనే ఒలిచాను, నేనే ఎండబెట్టాను, నేనే దంచాను. ఏం, వాణ్ణి చావమంటావా? బాంగ్ ఫోన్ చేసి "అక్కగారూ, జడ్జిగారి కడుపు సంగతి మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది" అన్నాడు. ఆ ఒక్క మాటకి కరిగిపోయాను. మీ అమ్మతో వాడి పెళ్ళిలో నన్ను ఆఖరి బల్ల దగ్గర కూర్చోబెట్టారు, చేతులు నీచువాసన వేస్తాయని. మీ అమ్మ తప్పేం లేదు, పాపం. వాడే సర్దాడు కుర్చీలు. అలాంటివాడికి ఇన్నాళ్ళకి నా చేతి వంట కావాల్సొచ్చింది. కాదంటానా?

నువ్వు చిన్నదానివి. వాడు గెలిస్తే చట్టం వస్తుంది. చట్టం వస్తే మేలు ఆ పెద్దావిడకే. నాయకులందరూ చేసేది ఇదేనట, బాంగ్ చెప్పాడు. నేను చూసుకుంటాను. నువ్వు మాత్రం నోరు మూసుకుని ఉండు. ఏదనిపించినా నాకే రాయి. ఇంకెవరికీ చెప్పకు.

అత్త


సియోల్
నవంబరు

అత్తా,

"నేను చూసుకుంటాను" అంటే ఇదన్నమాట.

నిన్న నాన్న నన్ను తెర వెనక్కి పిలిచారు. "మీ అత్తకి ఉత్తరాలు రాస్తున్నావట. రాత కొంచెం బాగుపడిందట" అన్నారు, నవ్వుతూనే. కోపమొస్తే ఆయన గొంతు ఇంకా మెత్తబడుతుంది, నీకు తెలుసు కదా.

"నాన్నా, ఆవిడ చచ్చిపోతుంది" అన్నాను.

"పెద్దావిడని నేను కూర్చోమనలేదు."

"లేవమని కూడా చెప్పలేదు."

జావ తాగడం ఆపి నన్ను చూశారు. తర్వాత కోర్టులో చదివినట్టు ఒక్కొక్క మాటా విడదీసి అన్నారు: "దారే, సాక్ష్యం చెప్పాలనుకునేవాళ్ళు ముందు తమ చేతులు చూసుకోవాలి. ఈ ఫ్లాస్కు రోజూ ఇక్కడికి ఎవరు తెచ్చారు? వేరే బడి యూనిఫాం వేసుకుని ఎవరు తెచ్చారు? దేశమంతా ఫొటోలు చూసింది. ఒక్క ఫొటోలో అయినా అది నా చేతిలో ఉందా?"

నా జుట్టు సవరించి, "వెళ్ళు, చలిగా ఉంది" అన్నారు.

పళ్ళబుట్టలు తిప్పి పంపిన మనిషి ఈయనేనా అత్తా?

నేను వెళ్ళలేదు. నాన్న బయట విలేఖరులతో మాట్లాడుతుంటే సాంగూ వాళ్ళమ్మ పక్కన కూర్చున్నాను. దుప్పటి సర్దుతున్నట్టు వంగి, చెవిలో చెప్పేశాను. "అవ్వా, మా నాన్న తింటున్నారు. మొదట్నించీ తింటున్నారు. తెస్తున్నది నేనే. మీరూ లేచి ఏదైనా తాగండి, మీ కాళ్ళు పట్టుకుంటా." నా యాస కూడా దాచుకోలేదు.

ఆవిడ కళ్ళు తెరవకుండానే అంది, "తెలుసు పిల్లా."

నాకర్థం కాలేదు.

"బిడ్డని పెంచినదాన్ని. తిన్న నోరేదో ఎండిన నోరేదో తెలీదా? నీ చేతుల వాసన కూడా తెలుసు. నువ్వు భయపడుతున్నావని మాట మార్చాను."

"మరి అందరికీ చెప్పొచ్చు కదా!"

"చెబితే? కోర్టు మెట్ల మీద ఏళ్ళ తరబడి మా వాడి ఫొటో పట్టుకుని కూర్చున్నాను. కుక్క కూడా ఆగి చూళ్ళేదు. ఈయనొచ్చి పక్కన కూర్చుంటే దేశమంతా సాంగూ, సాంగూ అంటోంది. ఆయన తింటున్నాడని నేనంటే రేపొద్దున ఈ కెమెరాలుంటాయా? మా వాడి పేరుంటుందా?"

"పోనీ మీరైనా తినండి."

"ఈ డేరాలో ఒక్కరి కడుపైనా నిజంగా ఖాళీగా ఉండాలి కదే. లేకపోతే వాడికి నా మొహం ఎలా చూపించను?" నా చెయ్యి నొక్కింది. చేతి మీద ఎండుటాకు పడ్డట్టుంది. "నువ్వు ఎవరికీ చెప్పకు. చెబితే నా పస్తంతా దండగైపోతుంది."

నువ్వూ చెప్పకన్నావు. ఆవిడా చెప్పకంది. నాన్న చెప్పనక్కర్లేకుండానే చెప్పారు. ఇంక నేనెవరితో మాట్లాడను?

దారే


తోంగ్యాంగ్
డిసెంబరు

దారే,

ఒక్క ముక్క రాయకుండా ఎన్నాళ్ళుంటావే?

టీవీలో చూశాను. పెద్దావిడ పడిపోగానే మీ నాన్న ఆవిణ్ణి వీపు మీద వేసుకుని అంబులెన్సు దాకా పరిగెత్తడం. షెడ్డులో అందరూ ఏడ్చారు. నేను ఏడవలేదు. పస్తున్న మనిషి అలా పరిగెత్తగలడా అని ఎవరైనా అడుగుతారేమోనని, కత్తి చేతిలో పట్టుకుని అందరి మొహాలూ చూస్తూ కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. నా పక్క ముసల్ది కూడా అడగలేదు.

ఇప్పుడు వాడు పార్టీ అధ్యక్షుడు. ఊరి దారికి మళ్ళీ గుడ్డ కట్టారు. ఆ చట్టం సంగతేమైందో ఇక్కడెవరికీ తెలీట్లేదు. పెద్దావిడ ఎలా ఉంది?

వాడితో చెప్పానని కోపం పెట్టుకోకు. నువ్వెక్కడ నోరు జారి ఇరుక్కుంటావోనని భయమేసి చెప్పాను. నీ మంచికే.

అత్త


సియోల్
జనవరి

అత్తా,

సాంగూ వాళ్ళమ్మ పోయింది. ఆస్పత్రికి చేర్చాక అన్నం పెట్టినా ఒళ్ళు తీసుకోలేదు. మూత్రపిండాలు చెడిపోయాయన్నారు.

చట్టం సంగతి అడిగావు. రెండు పార్టీలూ హోటల్లో కూర్చుని మాట్లాడుకున్నాయి. ఏ ఊరు ఏ నియోజకవర్గంలోకి వస్తుందో తేలింది. దానికి బదులుగా చట్టం వచ్చే సమావేశాలకి వాయిదా పడింది. ఆస్పత్రిలో ఆవిడ "వచ్చిందా?" అని అడిగింది. నాన్న "వస్తోందమ్మా" అన్నారు. ఆవిడ నా వైపు చూసింది. నేను నేల చూశాను.

ఆవిడకి ఎవరూ లేరని, పటం పెట్టిన ఆస్పత్రి చావుగదిలో నాన్నే కొడుకు స్థానంలో నిలబడ్డారు. కొడుకులు కట్టుకునే నారపట్టీ చేతికి కట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ ఎదురు వంగి దణ్ణాలు పెట్టారు. సాంగూ నిలబడాల్సిన చోటు అత్తా, అది. తర్వాత చావుకొచ్చినవాళ్ళకి పెట్టే ఎర్రటి మాంసం పులుసు, అన్నం వడ్డించారు. నాన్న చాప మీద కూర్చుని తిన్నారు. అందరి ముందూ, చప్పుడు చేస్తూ. "ఇంకా కోలుకోలేదు పాపం, ఎంత చిక్కిపోయాడో" అని ఒకావిడ రెండో గిన్నె తెచ్చి పెట్టింది. అదీ తిన్నారు.

నేను ఇంటికెళ్ళి మిగిలిన పొట్లం కలిపాను. అదే యూనిఫాం వేసుకున్నాను. అదే ఫ్లాస్కు. పటం ముందు పోయినవాళ్ళకని అన్నం గిన్నె పెడతారు కదా, అక్కడికెళ్ళి కూర్చున్నాను. విలేఖరులందరూ చూస్తుండగా పై అంతస్తు తీసి ఉప్పునీళ్ళు పక్కన పెట్టాను. తర్వాత కింది మూత తీసి ఆవిడ గిన్నెలోకి జావ పోశాను. గదంతా నువ్వులనూనె వాసన.

"ఇదే. నేను డేరాకి రోజూ తెచ్చింది ఇదే" అన్నాను.

నా గొంతు పెద్దగా రాలేదు. కానీ ముందున్నవాళ్ళకి వినబడింది. ఒక విలేఖరి రాస్తున్నవాడల్లా ఆగిపోయాడు. బాంగ్‌గారి మొహం తెల్లబడింది. చూశావా, ఇప్పుడు తెలుస్తుంది అనుకున్నాను.

నాన్న వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డారు. నన్ను ఊపిరాడకుండా పట్టుకున్నారు. "నా బిడ్డ రోజూ ఆ తల్లి కోసం జావ తెచ్చేది. ఎంత బతిమాలినా ఆవిడ ఒక్క చెంచా ముట్టలేదు" అని భోరుమన్నారు.

లైట్లన్నీ ఒక్కసారి వెలిగాయి.

పేపర్లో ఆ ఫొటోనే వేశారు. కింద "ముట్టని జావ" అని రాశారు. నువ్వు చూసే ఉంటావు.

దారే


తోంగ్యాంగ్
ఫిబ్రవరి

బంగారూ,

చూశాను. షెడ్డులో టీవీ పైన అంటించారు. "ఓక్‌బున్ మేనకోడలు, ఎంత మంచి పిల్ల!" అంటున్నారు. నేను అటు వీపు పెట్టి కూర్చుంటున్నాను.

మీ నాన్న ఫోన్ చేశాడు. బాంగ్ కాదు, వాడే! వసంతంలో పార్టీ మహాసభట. దేశాధ్యక్షుడి ఎన్నికకి వాణ్ణి నిలబెడుతున్నారు. నన్ను వేదిక మీద, ముందు వరసలో కూర్చోబెడతానన్నాడు. పట్టుబట్టలు కుట్టిస్తున్నాడు, చేతులకి తెల్ల తొడుగులు కూడా. నువ్వు ఆ ఫ్లాస్కు పట్టుకుని వేదిక మీదికి రావాలట. నువ్వు మాట్లాడట్లేదని, ఒప్పించమని నాకు చెప్పాడు.

పోయినావిడ తిరిగి రాదు. ఒప్పుకోవే. నా కోసం. ముందు వరస అన్నాడే.

అత్త


సియోల్
మార్చి

ఓక్‌బున్ అత్తగారికి,

సభకి వస్తానని నాన్నకి చెప్పాను. మీరు సంతోషంగా ఉండొచ్చు.

యూనిఫాం ఉతికించారు. కాలర్‌లో ఆ అమ్మాయి పేరు అలాగే ఉంది. ఫ్లాస్కు నా గదిలో ఉంది, బాంగ్‌గారు అడిగినా ఇవ్వలేదు. నిన్న భోజనం దగ్గర నాన్న "ఆ రోజు అందులో ఏం పోస్తున్నావు?" అని మెత్తగా అడిగారు. "వేదిక మీద మూత తీస్తాను కదా, అప్పుడు చూద్దురుగాని" అన్నాను. ఆయన చెంచా కింద పెట్టేశారు. తర్వాత ఏమీ తినలేదు. మొదటిసారి ఆయన నిజంగా తినకపోవడం చూశాను.

నాకు భయం పోలేదు. రాత చూస్తే మీకే తెలుస్తుంది. కానీ మా ఇంట్లో భయపడేది ఇప్పుడు నేనొక్కదాన్నే కాదు.

ఏదనిపించినా మీకే రాయమన్నారు. అన్నీ రాశాను. ఇదే ఆఖరిది. ఆ రోజు ఏం చేయబోతున్నానో మాత్రం రాయట్లేదు. ఈ ఉత్తరం కూడా నాన్నకి చూపిస్తారు కదా. చూపించండి.

ముందు వరసలో కూర్చోండి. తొడుగులు మాత్రం వేసుకోకండి. ఆ రోజు అందరి చేతులూ కనబడాలి.

దారే